ఇశ్రాయేలు అయిపోయిందన్న రాయి

ఈ ఫొటో మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది. నిలువెత్తు రాయి, నిండా ఈజిప్టు బొమ్మల రాత. ఒకరేమో కింద "బైబిల్ నిజమని రుజువైంది" అని రాసి పంపుతారు. ఇంకొకరు అదే ఫొటోకి "యెహోషువ యుద్ధాలన్నీ కట్టుకథ" అని రాస్తారు. రాయి ఒక్కటే, తీర్పులు రెండు! సరే, ఇవాళ ఆ రాయి మీద అసలు ఏముందో చూద్దాం.

అది మెర్నెప్తా అనే ఫరో వేయించిన శాసనం. క్రీ.పూ. 1208 ప్రాంతం నాటిది. 1896లో ఫ్లిండర్స్ పెట్రీ అనే పరిశోధకుడు తీబ్స్‌లో బయటకు తీశాడు. అందులో ఎక్కువ భాగం లిబియా వాళ్లని ఓడించిన సంగతే. చివర్లో మాత్రం కనానులోని అష్కెలోను, గెజెరు, యనోయాము అనే ఊళ్లు వస్తాయి. వాటితో పాటు ఇశ్రాయేలు పేరు.

ఇక్కడ ఒక చిన్న విషయం చూడండి. ఆ ఊళ్ల పేర్ల పక్కన 'పరాయి దేశం' అని చెప్పే గుర్తు ఉంది. ఇశ్రాయేలు పక్కన ఆడ, మగ బొమ్మలున్నాయి. అంటే 'జనం' అని అర్థం. ఆ కాలానికి కనానులో ఇశ్రాయేలు అనే జనం ఉన్నారు. అంతవరకు గట్టిగా చెప్పొచ్చు. వాళ్లు ఎలా వచ్చారు, ఎవరిని గెలిచారు? రాయి ఒక్క ముక్క కూడా చెప్పదు.

మరి ఫరో ఏమన్నాడు? ఇశ్రాయేలు పని అయిపోయింది, వంశమే మిగల్లేదన్నాడు. మిగిలిందో లేదో మీకు తెలుసు కదా! అంటే రాతి మీద చెక్కినంత మాత్రాన అంతా నిజం కాదు. మెర్నెప్తా తండ్రి రెండో రామ్సెస్ కూడా అంతే. కాదేషు యుద్ధంలో తానే గెలిచానని గుళ్ల గోడల మీద చెక్కించాడు. కానీ యుద్ధం తర్వాత కాదేషు హిట్టైట్ల చేతిలోనే ఉంది.

ఇప్పుడు యెహోషువ గ్రంథాన్నీ అదే తక్కెడలో పెడదాం. 12వ అధ్యాయంలో ఓడిన రాజులు 31 మంది. అందులో యెరూషలేము, గెజెరు, మెగిద్దో రాజులున్నారు. పేజీలు తిప్పి న్యాయాధిపతులు 1వ అధ్యాయం చదవండి. గెజెరు, మెగిద్దోల్లో కనానీయుల్ని, యెరూషలేములో యెబూసీయుల్ని వెళ్లగొట్టలేకపోయారని ఉంటుంది.

ఇంకో సంగతి. ఆ కాలంలో కనాను ఫరోల చేతి కింద ఉంది. క్రీ.పూ. 14వ శతాబ్దంలో యెరూషలేము పాలకుడు అబ్దిహెబా, సైనికుల్ని పంపమని ఫరోకి మట్టి పలకల మీద ఉత్తరాలు రాశాడు. అవి అమర్నాలో దొరికాయి. బేత్షెయానులో ఈజిప్టు సైన్యం క్రీ.పూ. 12వ శతాబ్దంలో కూడా ఉంది. యెహోషువ యుద్ధాల్లో మాత్రం ఈజిప్టు సైన్యం ఎక్కడా ఎదురుపడదు. అందుకే ఆ గ్రంథాన్ని యుద్ధాలు చూస్తూ రాసుకున్న డైరీలా చదవడం కష్టం. చాలామంది పండితులు కూడా అది చాలా తర్వాత ఈ రూపానికి వచ్చిందనే అంటారు.

నేనూ సండే స్కూల్లో యెరికో గోడల చుట్టూ తిరిగే ఆట ఆడినవాణ్నే. ఆ రెండు అధ్యాయాలు మొదటిసారి పక్కపక్కన చదివినప్పుడు నాకు భయమేసింది. నమ్మినదంతా పోతుందేమో అనిపించింది. ఇప్పుడైతే ఊరట. ఎందుకంటే ఫరో ఒక జనం అంతమైందన్నాడు, వాళ్లు బతికారు. యెహోషువ గ్రంథం ఊపిరి ఉన్న ఎవరినీ మిగల్చలేదంటుంది, కనానీయులూ బతికారు. ఆ మాట దాచకుండా చెప్పింది కూడా బైబిలే.

కాబట్టి ఈసారి ఆ ఫొటో వస్తే, ఏ వైపు వాళ్లు పంపినా, వెంటనే ఫార్వర్డ్ చెయ్యకండి. గెలిచానన్నవాడి మాట ఒక్కటే వినకండి. అక్కడ ఎవరు మిగిలారో కూడా అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.