తుంగను కోయడం కూడా పెంచడమే

(మన సంఘం వార్షిక సభలో యువతను ఉద్దేశించి ఒక గిరిజన బాలికల వసతిగృహం వార్డెన్ చేసిన ప్రసంగం)

 

సంస్కృతి సభ అనగానే పాట, ఆట, వేషం గుర్తుకొస్తాయి. అవి ఉండాల్సిందే. కానీ మన యానాదుల సంస్కృతిలో సగం నీటి ఒడ్డున ఉంది. చెరువు గట్టు, కాలువ గట్టు, తూము కింద ఊట, వాగు మలుపు, పులికాట్ ఒడ్డు. ఆ ఒడ్డున మనకు బాగా తెలిసిన మొక్క ఒకటుంది. అది తుంగ. ఈ రోజు మేము దాని గురించే చెప్పదలిచాం. ఎలా గుర్తుపట్టాలి, ఎలా నాటాలి, ఎలా కోయాలి, ఎందుకు కాపాడుకోవాలి. పాఠం చెప్పే అలవాటు ఉన్నవాళ్ళం కాబట్టి పాఠంలాగే చెబుతాం. విసుగనుకోవద్దు.

మా హాస్టల్లో పిల్లలను ఒకసారి అడిగాం, తుంగ అంటే ఏమిటమ్మా అని. కొందరు "వరిలో కలుపు" అన్నారు. కొందరు జమ్మును చూపించారు. అడిగితే వాళ్ళ అవ్వలందరూ తుంగ కోసినవాళ్ళే. ఒకే ఇంట్లో అవ్వకూ మనవరాలికీ మధ్య ఒక మొక్క పేరు తెగిపోయింది. తప్పు పిల్లలది కాదు. బడిలో ఎవరూ అడగలేదు, ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

ముందు గుర్తుపట్టడం నేర్చుకుందాం. పొలం గట్ల మీద జానెడు ఎత్తున పెరిగి, మట్టిలో నల్లటి చిన్న గడ్డలు పెట్టేది ఒక తుంగ. ఆ గడ్డలే తుంగముస్తెలు. ఆయుర్వేదంలో వాడతారు, రైతు మాత్రం తిట్టుకుంటాడు. ప్రపంచంలోని మొండి కలుపు మొక్కల్లో దానికి పెద్ద పేరే ఉంది. మనం చెప్పుకునేది అది కాదు. దాని అక్క, చాప తుంగ. బురదలో, తక్కువ నీటిలో మనిషి నడుము దాటి పెరుగుతుంది. కాడ సన్నగా, నున్నగా, కణుపు లేకుండా పైదాకా పోతుంది. కొసన గొడుగు ఊచల్లా విచ్చుకున్న పూత ఉంటుంది. జమ్ము వేరే కుటుంబం. దానికి కత్తిలాంటి వెడల్పు ఆకులు, గోధుమరంగు లావుపాటి కంకి ఉంటాయి.

అనుమానం వస్తే పూత కింద కాడను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పండి. గడ్డి అయితే గుండ్రంగా తిరుగుతుంది, కణుపులు తగులుతాయి. తుంగ అయితే మూడు పలకలు వేలికి తెలుస్తాయి. ఈజిప్టులో పూర్వం కాగితం చేసిన పాపిరస్ కూడా ఈ కుటుంబానిదే. బోటనీ చదివే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి, పరీక్షలోనూ పనికొస్తుంది.

ఇప్పుడు కాడను విరిచి చూడండి. లోపల స్పాంజిలా ఉంటుంది. అవి గాలి దారులు. బురదలో గాలి ఆడదు. అయినా వేరు ఎలా బతుకుతోంది? పైన ఉన్న కాడ గాలిని కిందికి పంపుతోంది కాబట్టి. ఈ ఒక్క సంగతి తెలిస్తే తుంగ పెంపకంలో సగం తెలిసినట్టే. కాడను నీటికి కింద కోస్తే ఆ దారుల్లోకి నీరు చేరుతుంది, వేరుకు ఊపిరి ఆగుతుంది, మొదలు కుళ్ళుతుంది. నీటికి పైన నాలుగు వేళ్ళు వదిలి కోస్తే మళ్ళీ పిలకలు వేస్తుంది.

ఈ గాలి దారుల సంగతి మన అవ్వలకు ఏ పుస్తకమూ చెప్పలేదు. అయినా ఎవరిని అడిగినా ఒకటే మాట, "నీళ్ళలో చెయ్యి ముంచి కొయ్యకూడదు." ఇంకో మాట కూడా చెప్పారు. మడుగంతా ఒకేసారి గుండు చేయకూడదట. ఒక పక్క కోస్తే ఒక పక్క వదలాలి. వదిలిన చోట నీటికోళ్ళు గూడు పెట్టుకుంటాయి, చేపపిల్లలు దాక్కుంటాయి. మూడో మాట, పూత విచ్చుకున్నాకే కొడవలి పెట్టాలి. లేత కాడ ఎండితే ముడుచుకుపోతుంది, ముదిరిన కాడ విరిగిపోతుంది. కోసిన తుంగను కట్టలు కట్టి చాపలు నేసే ఇళ్ళకు అమ్మేవారు, కొంత తమ గుడిసెకు వాడుకునేవారు.

ఇక్కడ తమ్ముళ్ళు ఒక విషయం ఆలోచించాలి. చెరువులో తుంగ దానంతట అదే పెరిగిందని అందరూ అనుకుంటారు. మన వాళ్ళు ఊరికే కోసుకుపోయారని అనుకుంటారు. అది నిజం కాదు. తరాల తరబడి ఒక పద్ధతిగా కోశారు కాబట్టే ఆ మడుగు నిలిచింది. కోయడమే వాళ్ళ సేద్యం. పట్టా లేదు, పాస్‌పుస్తకం లేదు, అందుకని దాన్ని సేద్యమని ఎవరూ రాయలేదు.

ఇప్పుడు ఏమవుతోంది? ప్లాస్టిక్ చాప వచ్చాక తుంగ కోసేవాళ్ళు తగ్గారు. కోయని మడుగులో పాత కాడలు పడి కుళ్ళుతాయి, కొత్త పిలకకు వెలుతురు అందదు. ఆ సందులో జమ్ము చేరుతుంది, నీటి మీద గుర్రపుడెక్క కమ్ముకుంటుంది. పక్క వరిపొలంలో తుంగజాతి కలుపు చావాలని కొట్టే 2,4-డి లాంటి మందు గాలికి ఎగిరివస్తే మన చాప తుంగకూ దెబ్బే. రొయ్యల గుంటల ఉప్పునీరు చేరినా మంచినీటి తుంగ పాలిపోతుంది. మా హాస్టల్ పిల్ల ఒకామె ఊళ్ళో పూడిక తీయడానికి వచ్చిన పొక్లెయిను ఒక్క పూటలో ఒడ్డు మొత్తం గీకేసింది. పూడిక తీయడం మంచిదే. ఒక పక్క పది బారల తుంగ ఉంచండి అని అడిగే మనిషి అక్కడ లేకపోయాడు. ఆ మనిషి మీరు కావాలి.

ఇక పెంపకం. మా హాస్టల్ వెనక చేతిపంపు నీరు పారే చోట మేము ఒక చిన్న మడి పెట్టాం. అక్కడ చేస్తున్న పని వరుసగా చెబుతాం.

చోటు ముఖ్యం. తూము కింద ఊట ఉండే నేల, చెరువు కట్ట కింద చెమ్మ నేల, పంపు నీరు పారే పల్లం, ఇవి మంచివి. ఎండ బాగా పడాలి. చెట్టు నీడలో తుంగ సన్నబడి వాలిపోతుంది.

తుంగకు విత్తనం చల్లే పని లేదు. బురద కింద అడ్డంగా పాకే దుంప వేరు ఉంటుంది. చాప కింద నీరు అంటాం కదా, అలా కనపడకుండా పాకుతుంది. పాత మడుగు అంచు నుంచి ఆ వేరును రెండు మూడు పిలకలతో సహా ముక్కగా తీయాలి. ఒకేచోట తవ్వకుండా అక్కడక్కడా తీస్తే మడుగుకు నష్టం ఉండదు. తడి గోనెలో చుట్టి తెచ్చి, ఆలస్యం చేయకుండా నాటాలి.

నెల్లూరు వైపు మనకు పెద్ద వానలు ఐప్పసి, కార్తీక మాసాల్లో పడతాయి. వరద నీటిలో కొత్త నాటు మునిగితే బతకదు. అందుకే సంక్రాంతి దాటాక, నీరు తగ్గుముఖం పట్టినప్పుడు నాటడం మేలు. నేలను కాలితో తొక్కి బురద చేసి, మూరెడు దూరానికి ఒక ముక్క, వేలు లోతున, పిలక పైకి ఉండేలా పెట్టాలి. మొదటి నెల బురద ఆరకూడదు, అలాగని పిలక మునగకూడదు.

ఆ తరువాత చేయాల్సిన పని కలుపు తీయడం. మొదటి ఏడాది జమ్ము పిలక కనపడితే వేరుతో సహా లాగేయాలి. గేదెలకు లేత తుంగ ఇష్టం, చుట్టూ ముళ్ళకంప వేయాలి. ఎరువుగా చివికిన పెంట కొంచెం చాలు. ఎక్కువ వేస్తే కాడ మెత్తబడి పడిపోతుంది. మొదటి కోతకు ఏడాది ఓపిక పట్టండి. వేరు అల్లుకున్నాక నీరు ఉన్నచోట ఏడాదికి రెండు కోతలు అందుతాయి. ఏటా మళ్ళీ నాటనక్కర లేదు.

ఇళ్ళ దగ్గర, హాస్టళ్ళ దగ్గర పెట్టేవాళ్ళకు ఒక హెచ్చరిక. నీరు నిలవ ఉంచకండి, దోమలు చేరతాయి. బురద తడిగా ఉంటే తుంగకు చాలు. చెరువులో దిగే పిల్లలు ఒంటరిగా దిగకండి. చేతిలో కర్ర, కాలికి బూటు ఉండాలి. పాము, జలగ వాటి ఇంట్లో అవి ఉంటాయి, చూసుకుని నడవాల్సింది మనమే.

కోసిన కాడను పచ్చిగా ఉన్నప్పుడే నిలువునా చీల్చి ఎండబెట్టాలి. ఎండాక చీల్చబోతే పగులుతుంది. మంచు, వాన తగిలితే మచ్చపడి బూజు పడుతుంది. సాయంత్రానికి లోపలికి తీసేయాలి.

దీనివల్ల డబ్బు వస్తుందా అని కాలేజీ పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా. పశ్చిమ బెంగాల్లో మేదినీపూర్ జిల్లాల్లో, ముఖ్యంగా సబంగ్ వైపు, ఈ జాతి తుంగను పొలాల్లో పంటగా వేసి మాదుర్ చాపలు నేస్తారు. తమిళనాడులో తిరునల్వేలి జిల్లా పత్తమడైలో కోరై చాప నేస్తారు. కాడలను నీటిలో నానబెట్టి, సన్నగా చీల్చి, గుడ్డలా మడతపడే చాప చేస్తారు. ఈ రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. అంటే కలుపు అని మనం వదిలేసినది వేరేచోట ఊరికి పేరు తెచ్చింది. అయినా మేము అబద్ధం చెప్పం. నాలుగు సెంట్ల తుంగతో ఇల్లు గడవదు. చదువు మానేసి తుంగ కోయమని ఈ సభలో ఎవరూ చెప్పరు. చదువుతో పాటు ఇది ఉండాలని చెబుతున్నాం.

హక్కు సంగతి కూడా తెలుసుకోండి. 2006 అటవీ హక్కుల చట్టంలో చేపలు, నీటివనరుల ఇతర ఉత్పత్తులు వాడుకునే సామూహిక హక్కు ఉంది. కానీ అది అటవీ భూములకు సంబంధించినది. మైదానంలో ఊరి చెరువు దగ్గర నాటాలన్నా, కోయాలన్నా ముందు పంచాయతీని అడగాలి. గ్రామసభలో లేచి మాట్లాడండి. పూడికతీత పని పెట్టేముందు తుంగ ఉన్న ఒడ్డు కొంత వదలమని కాగితం రాసి ఇవ్వండి, తీర్మానం చేయమనండి. మన అవ్వ అడిగితే వినని వాళ్ళు రాసిన కాగితానికి జవాబు చెప్పాల్సి వస్తుంది. మీ చదువు అక్కడ అక్కరకు రావాలి.

మా దగ్గర చదివిన ఒక అమ్మాయి వాళ్ళ అవ్వ తుంగ కోస్తుందని చెప్పుకోవడానికి సిగ్గుపడేది. మడి పెట్టేటప్పుడు ఆ అవ్వనే హాస్టల్‌కు పిలిచాం. ఆమె బురదలో దిగి, ఏ పిలక బతుకుతుందో ఏది బతకదో వేలితో నొక్కి చెప్పింది. నలభైమంది పిల్లలు గట్టున నిలబడి విన్నారు. ఆ అమ్మాయి పక్కన నిలబడి, అవ్వ చెప్పే మాటలను నోటుబుక్కులో రాసుకుంది. ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకు కోత ఎలా కోయాలో నేర్పేది ఆ అమ్మాయే.

మీకు మూడు పనులు అప్పజెబుతున్నాం. మీ ఇంట్లో తుంగ కోసిన పెద్దవాళ్ళు ఉంటే ఈ నెలలోనే కూర్చోబెట్టి అడగండి, వాళ్ళ మాట వాళ్ళ గొంతుతోనే ఫోన్లో రికార్డు చేయండి. మీ ఊరి చెరువు చుట్టూ ఒకసారి నడిచి, తుంగ ఎక్కడ మిగిలిందో గుర్తు పెట్టండి. సంక్రాంతి దాటాక మా హాస్టల్‌కు రండి, తడి గోనె తెచ్చుకోండి. వేరు ముక్కలు ఊరికే ఇస్తాం. బదులుగా ఒక్కటే అడుగుతాం. మీ మడి అల్లుకున్నాక ఇంకో ఊరికి మీరు ముక్కలు ఇవ్వాలి.