పీఠము శూన్యమైన మరునాడు



ఏ పెద్ద ప్లీడరుగారి స్మృత్యర్థమై ఈ ఉపన్యాసనిధి నెలకొల్పబడినదో, ఆ తరమువారు రాజ్యాంగమును సైతము దస్తావేజును చదివినట్లే చదివి, అందు వ్రాయక విడిచిన విషయములపై ముందుగా దృష్టి నిలిపెడివారు. అట్లు విడువబడిన విషయమొకటి నేటి ప్రసంగమునకు వస్తువు.

1951 నవంబరు 6వ తేదీన భారత ప్రథమ ప్రధాన న్యాయమూర్తి హరిలాల్ కానియాగారు పదవిలో నుండగనే, అరువది యొకటవ యేట దివంగతులైరి. సుప్రీంకోర్టు అప్పటికింకను పార్లమెంటు భవనములోనే కొలువు తీరుచుండెను. దానికి రెండేండ్లైనను నిండలేదు. న్యాయమూర్తుల అర్హతలను, అరువదియైదేండ్ల వయఃపరిమితిని నిర్ణయించిన 124వ అధికరణము, ప్రధాన న్యాయమూర్తిని ఎవరిలోనుండి, ఏ క్రమమున ఎన్నుకొనవలెనో చెప్పలేదు. 126వ అధికరణము తాత్కాలికపు టేర్పాటును మాత్రమే చెప్పును. అయినను నవంబరు 7వ తేదీనుండియే మద్రాసు న్యాయవాద వర్గమునుండి వచ్చిన పతంజలి శాస్త్రిగారి పదవీకాలము మొదలైనది. వారు అప్పటికి న్యాయమూర్తులందరిలో సీనియరు.

ఇందులో విధి విలాసము కొంత కలదు. శాస్త్రిగారు కానియాగారికంటె వయస్సున పెద్దలు. కానియాగారు జీవించి యుండినచో 1955 నవంబరు వరకు పీఠముపై నుండెడివారు. 1954 ఆరంభముననే విరమింపవలసిన శాస్త్రిగారికి గాని, ఆ సంవత్సరాంతమున విరమింపవలసిన మెహర్‌చంద్ మహాజన్‌గారికి గాని ఆ పదవి యెన్నడును దక్కియుండదు. ఆ మరణమే రెండు నెలలు ముందుగా సంభవించినచో, సెప్టెంబరులో విరమించిన ఫజల్ అలీగారి వంతు వచ్చెడిది. సీనియారిటీ యనునది ప్రతిభకు కొలత కాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

నెహ్రూగారు వేరొకరిని నియమింప దలచిరనియు, తోడి న్యాయమూర్తులందరు రాజీనామాకు సిద్ధపడగా ఆ తలపు విరమించుకొనిరనియు న్యాయచరిత్రకారులు వ్రాసియున్నారు. కారణమును గూర్చి ఊహాగానము నాకిష్టము లేదు. 1950లో రమేశ్ థాపర్ కేసున పత్రికాస్వాతంత్ర్యమును నిలబెట్టి మద్రాసు ప్రభుత్వపు టుత్తరువును కొట్టివేసిన తీర్పును, 1951 అక్టోబరులో శంకరీప్రసాద్ కేసున కేంద్రప్రభుత్వ పక్షమున వెలువడిన తీర్పును వ్రాసినది ఈ శాస్త్రిగారే. పీఠమెక్కిన పిమ్మట 1952లో వి.జి.రావ్ కేసున మరల మద్రాసు శాసనమును త్రోసిపుచ్చిరి. ఎవరి యనుగ్రహముచేతను ఆ పదవికి రానివారు గనుక, ఏ తీర్పునందును ఎవరి ఋణమును తీర్చుకొనవలసిన యవసరము వారికి కలుగలేదు. ఈ గ్రుడ్డి నియమమునకు గల గొప్పతనమంతయు ఇదియే.

సీనియారిటీ మాత్రమే చాలదని 1958లో సెతల్వాడ్‌గారి అధ్యక్షతన లా కమిషన్ సదుద్దేశముతోనే చెప్పినది. తరువాతి కాలమున పదిహేడు దినములు మాత్రమే ప్రధాన న్యాయమూర్తిగా నుండిన కె.ఎన్.సింగ్‌గారి వంటి ఉదాహరణ వారి వాదమునకు బలమే. కాని ఆ సదుద్దేశమేమైనది? 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పు వెలువడగనే షేలత్, హెగ్డే, గ్రోవర్‌గార్లను దాటి ఎ.ఎన్.రాయ్‌గారిని నియమించి, ఆ కమిషన్ మాటలనే పార్లమెంటులో సమర్థనగా చదివిరి. ముగ్గురును రాజీనామా చేసిరి. 1977లో హెచ్.ఆర్.ఖన్నాగారి కదియే గతి పట్టినది.

మన రాజమండ్రివారైన కోకా సుబ్బారావుగారిని తలచుకొనుడు. గుంటూరున ఆంధ్ర హైకోర్టు ప్రథమ ప్రధాన న్యాయమూర్తియై, పిదప సుప్రీంకోర్టులో ఖరక్‌సింగ్ కేసున భిన్నతీర్పు వ్రాసి పౌరుని గోప్యతా హక్కును సమర్థించిన ఆయనను, ఏరుకొను స్వేచ్ఛ యున్న ఏ ప్రభుత్వము కోరి పీఠమెక్కించియుండును? 1966లో వరుస వచ్చినది గనుక ఆయన వచ్చెను. మరుసటి ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ తీర్పు ఆరుగురైదుగురి తేడాతో వెలువడెను. ఆ తీర్పు సరియైనదా కాదా యనునది వేరు చర్చ.

న్యాయమూర్తుల నియామకములపై సుప్రీంకోర్టిచ్చిన 1993 నాటి తీర్పు వరుసక్రమమునే బలపరచినది. నియామక విధానపత్రమును తగిన సీనియరునే పేర్కొనుచున్నది. అయినను 124వ అధికరణము 1951లోవలెనే ఈ విషయమున మౌనముగా నున్నది. శారీరక అశక్తత యొక్కటి తప్ప వేరు కారణమున వరుస తప్పరాదనియు, తప్పినచో కారణమును లిఖితపూర్వకముగా ప్రకటింపవలెననియు ఆ అధికరణమునందే చేర్చవలెను. ఇచ్చటి బార్ అసోసియేషన్ సభ్యులు ఈ మేరకు తీర్మానమొకటి చేసి పార్లమెంటునకు పంపవలెనని ప్రార్థించుచున్నాను.