300 డాలర్ల కవరు, నాలుగేళ్ల మౌనం: ఫ్రాంక్ సెర్పికో కథ

అల్ పచీనో నటించిన 'సెర్పికో' సినిమా చూశారా? 1973లో వచ్చింది. అందులో హీరో నిజంగా ఉన్న మనిషే. ఫ్రాంక్ సెర్పికో, న్యూయార్క్ పోలీసు. నేనూ ముందు సినిమానే చూశాను. తూటా తగిలే సీన్ ఒక్కటే గుర్తుండిపోయింది. తర్వాత ఆయన గురించి చదివితే, అంతకుముందు జరిగింది ఇంకా భయంకరంగా అనిపించింది.

1966. బ్రూక్లిన్‌లో మఫ్టీ డ్యూటీ. జూదం అడ్డాల్ని పట్టుకోవడం పని. ఒకరోజు ఆయన చేతికి ఒక కవరు అందింది. లోపల 300 డాలర్లు. మన భాషలో చెప్పాలంటే మామూలు! అక్కడ దీన్ని 'ప్యాడ్' అనేవాళ్లు. నెలనెలా వసూలు, స్టేషన్‌లో వాటాలు. హార్లెమ్‌లో ఒక్కొక్కరికి నెలకు 1,500 డాలర్ల దాకా ముట్టేదని తర్వాత విచారణలో తేలింది.

సెర్పికో ఆ కవరు పట్టుకుని, తోటి ఆఫీసర్ డేవిడ్ డర్క్‌తో కలిసి, నగర దర్యాప్తు శాఖలో ఒక కెప్టెన్ దగ్గరికి వెళ్లాడు. అవినీతిని పట్టుకోవడానికే ఉన్న శాఖ అది. సెర్పికో చెప్పిన ప్రకారం ఆ కెప్టెన్ సలహా ఏంటంటే... మర్చిపో, లేదంటే నీ శవం నదిలో తేలుతుంది.

సరే, ఇంకా పైకి వెళ్దాం అనుకున్నాడు. కమిషనర్ తర్వాతి స్థానంలో ఉన్న అధికారి దాకా విషయం వెళ్లింది. చప్పుడు లేదు. మేయర్ ఆఫీసుకూ చేరింది. ఎండాకాలంలో అల్లర్లు జరగొచ్చు, ఇప్పుడు పోలీసుల్ని కదిలించలేం అన్నారట. బ్రాంక్స్‌లో గ్రాండ్ జ్యూరీ ముందు సాక్ష్యం చెప్పాడు. కేసులు పడ్డది కింది స్థాయి వాళ్ల మీదే. పై అధికారుల గురించి తనను అడగనే లేదన్నది ఆయన ఆరోపణ. చూడండి, ఇక్కడ ఎవరూ ఫైలు తగలబెట్టలేదు. జస్ట్, ప్రశ్న అడగలేదు. అంతే!

చివరికి 1970 ఏప్రిల్ 25న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో డేవిడ్ బర్నమ్ రాసిన కథనం వచ్చింది. అప్పటిదాకా కదలని మేయర్ లిండ్సే అప్పుడు కమిషన్ వేశాడు. అదే న్యాప్ కమిషన్. లంచగొండి పోలీసులు రెండు రకాలని దాని రిపోర్టులో రాశారు. దొరికిందల్లా పుచ్చుకునేవాళ్లు గడ్డి తినేవాళ్లు, వెంటపడి గుంజేవాళ్లు మాంసం తినేవాళ్లు. మనవాళ్లు కూడా 'గడ్డి తిన్నాడు' అంటారు కదా, చదవగానే నవ్వొచ్చింది నాకు.

1971 ఫిబ్రవరి 3. బ్రూక్లిన్‌లో డ్రగ్స్ రెయిడ్. సెర్పికో తలుపు మధ్య ఇరుక్కున్నాడు. ముఖం మీద కాల్చారు. వెంట వచ్చిన పోలీసులు సాయం కోసం కాల్ చేయలేదని, పక్కింట్లో ఉన్న ఒక ముసలాయనే ఫోన్ చేశాడని ఆయన చెప్తాడు. కావాలనే వదిలేశారా? రుజువు కాలేదు. ఒక చెవి మాత్రం పోయింది. డిటెక్టివ్ బ్యాడ్జ్ వచ్చింది ఆ తర్వాతే.

ఆ డిసెంబర్‌లో, ఆ చెవితోనే కమిషన్ ముందు కూర్చుని మొత్తం చెప్పాడు. మరుసటి ఏడాది ఉద్యోగం వదిలేశాడు. మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు గానీ, వేడుక లేదు, సర్టిఫికెట్ లేదు. ఆ సర్టిఫికెట్ ఆయనకు అందింది 2022 ఫిబ్రవరి 3న. కాల్పులు జరిగి సరిగ్గా 51 ఏళ్లు. అప్పటికి ఆయన వయసు 85.

డేవిడ్ డర్క్ గురించి ఎవరూ సినిమా తీయలేదు. ఆయన కథ వచ్చే ఎపిసోడ్‌లో. బై!