పండుగలు – పుత్రోత్సాహము

(నడికుడి వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



బిడ్డల సౌశీల్యమును జూచి తల్లిదండ్రులు గర్వించుటయే నేటి నా విషయము. సుమతీశతకములో పుత్రోత్సాహమును గూర్చిన పద్యము మీకందరకు కంఠస్థమే. కావున దానిని జదువక, మనకు సమీపముననే యున్నను మనలో పలువురెరుగని యొక సమాజముయొక్క యాచారములను విన్నవించెదను.

గుంటూరు జిల్లాలో చేబ్రోలునకు చేరువనున్న కొత్తరెడ్డిపాలెమున కొలది తెలుగు కుటుంబములు యూదధర్మము ననుసరించుచున్నవి. మాదిగ కుటుంబములనుండి వచ్చిన వీరు తాము 'బెనె ఎఫ్రాయీము', అనగా ఎఫ్రాయీము సంతతివారమని చెప్పుకొందురు. 1990వ దశకారంభమున ప్రార్థనామందిరమును నిర్మించుకొనిరి. వారి వంశమూలమును నిర్ణయించుట నా పనిగాదు. యూదుల పండుగలలో బిడ్డలకు గల స్థానమే నాకు ప్రస్తుతము.

పస్కా పండుగ ఐగుప్తు దాస్యవిమోచనమునకు గుర్తు. ఆ రాత్రి భోజనపంక్తిలో అందరికంటె చిన్నబిడ్డ, నేటి విశేషమేమని పెద్దల నడుగవలెను. పెద్దలు బదులు చెప్పవలెను. ఆ బదులు తమ పూర్వులు ప్రభువులని మొదలు కాదు, బానిసలని మొదలగును. అవమానముతో నారంభించి స్తుతితో ముగింపవలెనని మిష్నా యను వారి ధర్మగ్రంథము విధించినది. చేదుకూరలు తినిపించి యా కష్టమును బిడ్డల నాలుకకే తెలియజేయుదురు. బాధను రుచిచూచిన బిడ్డ పరుని బాధించుటకు జంకును గదా!

మన సంచికలలో వంశప్రశస్తికి కొదువలేదు. అది తప్పనుట లేదు. కాని మన తాతలు కరవునాళ్లలో నెట్లు బ్రదికిరో, ఎవరి దయవలన బడికి బోయిరో, మనమెవరిని వాకిటికావలనే నిలిపితిమో బిడ్డలకు చెప్పుచున్నామా?

ప్రాయశ్చిత్తదినమున యూదులు దినమంతయు నుపవసింతురు. అయినను తోడివానిని నొప్పించినవాడు వానిని ముందుగా సమాధానపరుపనిచో ఆ యుపవాసము వానిని శుద్ధుని జేయదని వారి శాస్త్రము. శుక్రవారము రాత్రి తల్లిదండ్రులు కుమారుల తలపై చేయుంచి, ఎఫ్రాయీము మనష్షేలవలె నుండుమని దీవింతురు. తాత కుడిచేయి తమ్ముని తలపై నుంచినను అన్న కలహించినట్లు గ్రంథమున లేదు. ఐశ్వర్యమును గాక యట్టి సోదరభావమును వారు బిడ్డలకు గోరుదురు.

పల్నాటివారికిది క్రొత్తగాదు. కార్తిక అమావాస్యకు కారెంపూడిలో ప్రారంభమగు వీరుల యుత్సవములలో చాపకూడు కలదు. బ్రహ్మనాయుడు కులభేదమెంచక యందరిని ఒకే పంక్తిని గూర్చుండబెట్టెనని గాథ. మనము బిడ్డలను తిరునాళ్లకు గొనిపోవుదుము. చాపకూడేల యని వారడిగినచో బదులు చెప్పి, ఇంటికి వచ్చిన పిమ్మట ఆ బదులునకు తగినట్లు నడచుకొందుమా?

మార్కులకు బహుమానములిచ్చుట మేలే. సౌశీల్యమునకును ఒకటి యేర్పరుపుడని నా విన్నపము. దానికి మన కులమువారి సిఫారసు వలదు. ఆ బిడ్డను గూర్చి పొరుగు కులమువారును, పొలములో కూలికి వచ్చువారును పలుకు మాటయే ప్రమాణము కావలెను. మనవారే మెచ్చినచో నది బంధుప్రీతి. జనులు మెచ్చిననాడే పుత్రోత్సాహము.

స్వస్తి.