లీజు కారు అప్పగించే ముందు



అమెరికాలో కాపురముంటున్న మన ఆడపిల్లలు కొందరు కారు కొనకుండా లీజుకు తీసుకుంటారు. లీజంటే అద్దె ఇల్లు లాంటిదేనండీ. నెలనెలా డబ్బు కట్టినా, గడువు తీరాక అది మనది కాదు.

మా అమ్మాయి మూడేళ్లకు తీసుకుంది. ఏడాదికి 12,000 మైళ్ల చొప్పున 36,000 మైళ్లని ఒప్పందం. తిరిగి ఇచ్చేనాటికి మీటరు 40,000 చూపించింది. అదనపు మైలుకు 20 సెంట్లు, మొత్తం 800 డాలర్లు! పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ షరతు కాగితంలో ఉన్నదే, సంతకం పెట్టేనాడు చదవలేదంతే. ఇలాంటి రుసుములు ముందే రాసి ఇవ్వాలని అక్కడ 1976లో చట్టం చేశారు. చదువుకోవడం మాత్రం మన పనే.

కనుక ఏడాదికెంత తిరుగుతారో ముందే లెక్క వేసుకోండి. గడువుకు ముందే ఇచ్చేద్దామంటే ఖర్చు ఇంకా ఎక్కువ. అప్పగించే ముందు సొట్టలూ, గీతలూ, టైర్ల అరుగుదలా చూసుకోండి. తాళంచెవులు రెండూ ఇవ్వండి. మీటరు అంకెను ఫోటో తీసి, రశీదు పుచ్చుకున్నాకే ఇంటికి రండి.

ఇల్లు ఖాళీ చేసేనాడు ఇంటివారు గోడకున్న మేకులు లెక్కపెట్టరూ? ఇదీ అంతే!

సెలవు.