వాన కబురు కల్లానికి ఎప్పుడు చేరాలి?

(మండల రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



దాళ్వా కోతల వేళ మనకు వచ్చే కబురు ఒకటే: జిల్లాలో అక్కడక్కడా ఉరుములతో జల్లులు పడవచ్చు. ఆ అక్కడక్కడాలో మన కల్లం ఉందో లేదో? రోజంతా బరకాలు కప్పి ఉంచితే ధాన్యం ఆరదు, తీస్తే తడుస్తుంది. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. మనం అడిగేది వారం ముందు జోస్యం కాదు. మూడు గంటల ముందు, మండలం పేరు పెట్టి చెప్పే మాట.

మచిలీపట్నం, విశాఖపట్నం, హైదరాబాద్‌లలో డాప్లర్ రాడార్లు ఉన్నాయి. రాడార్ తరంగం చినుకులకు తగిలి తిరిగొస్తుంది. వాన ఎంత బలంగా ఉందో, గాలి రాడార్ వైపు వస్తోందో దూరం పోతోందో నిమిషాల వ్యవధిలో చెబుతుంది.

ఆ బొమ్మ చూసి చెప్పడం ఒక ఎత్తు, దాన్ని కంప్యూటర్ మోడల్‌కు అందించడం మరో ఎత్తు. ఇప్పుడు ఆకాశం ఎలా ఉందో ఇస్తే, తర్వాత ఎలా ఉంటుందో మోడల్ లెక్కగడుతుంది. సొసైటీ అప్పు లెక్కలాగే, మొదటి అంకె తప్పయితే కింద మొత్తం తప్పే. పై గాలిని కొలిచే బెలూన్లను సాధారణంగా రోజుకు రెండుసార్లే ఎగరేస్తారు. మన కల్లాన్ని ముంచే మబ్బు మధ్యాహ్నం పుట్టి గంటలో కురిసి పోతుంది. రాడార్ కొలతలను ఎప్పటికప్పుడు కలిపితే, మబ్బును ఉన్నచోటే పెట్టి మోడల్ లెక్క మొదలవుతుంది. వాతావరణ శాఖ ఈ పని మొదలుపెట్టింది. ఆ మేలు కొద్ది గంటలే నిలుస్తుంది, నిజమే. మనకు కావలసిందీ ఆ కొద్ది గంటలే.

ఇంకో చిక్కుంది. భూమి గుండ్రం కాబట్టి, బాగా కిందుగా పంపిన కిరణం కూడా 250 కిలోమీటర్ల దూరానికి ఐదు కిలోమీటర్ల ఎత్తు దాటిపోతుంది. దాని కింద కురిసే వాన కనబడదు. 2024 సెప్టెంబరులో కేంద్రం మిషన్ మౌసమ్‌కు 2,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కొత్త రాడార్లు పట్నాలకే కాదు, రాడార్ చూపు అందని మెట్ట మండలాలకూ రావాలి. ఉన్నవి కోతలకు ముందే బాగుచేసి పెట్టాలి. హెచ్చరిక మండలం పేరుతో, తెలుగులో ఫోనుకు రావాలి.

కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రంలో ఇవన్నీ రాస్తున్నాం. మీ ధాన్యం తడిసిన తేదీ, వేళ, ఆ రోజు మెసేజి వస్తే ఎన్ని గంటలకు వచ్చిందో కాగితం మీద రాసి గ్రామ కమిటీకి ఇవ్వండి.