బెరడు చూసి చెట్టును పోల్చుకోవడం

(రేడియో ప్రసంగ పాఠం)



ఊరి నుంచి వచ్చే పార్సెల్లో అప్పడాలు, వడియాలతో పాటు ఒక్కోసారి ఓ చిన్న పొట్లం ఉంటుంది. మద్ది చెక్క, గుండెకి మంచిది అనో, అశోక చెక్క, ఆడవాళ్ళకి మంచిది అనో దాని మీద రాసి ఉంటుంది. పెద్దవాళ్ళు ప్రేమగా పంపారు కదా అని కాచుకుని తాగేస్తాం. మరి పొట్లంలో ఉన్నది ఆ చెట్టు బెరడేనా? అది ఎలా తెలుసుకోవాలన్నదే ఇవాళ్టి విషయం.

ముందు మన మాటలోనే ఒక చిక్కుంది. దాల్చిన చెక్క అంటే బెరడు. గంధపు చెక్క అంటే చెట్టు లోపలి చేవ. రెంటినీ చెక్క అనే అంటాం. కాబట్టి ఎవరైనా "ఫలానా చెక్క" అన్నప్పుడు, పైబెరడా, లోపలి కర్రా అని అడగడం మొదటి మెట్టు.

పేర్లతో వచ్చే రెండో చిక్కు చెప్పడానికి మిమ్మల్ని ఒక్కసారి రంగూన్ తీసుకెళ్తాను. ఇప్పుడు యాంగోన్ అంటున్నారు. అక్కడ నది ఒడ్డున, రేవును ఆనుకుని బోటాటౌంగ్ అనే పేట ఉంది. వెయ్యిమంది సేనానులు అని ఆ పేరుకు అర్థం. బ్రిటిష్ వాళ్ళ కాలంలో రంగూన్ రేవుల్లో బస్తాలు మోసిన కూలీల్లో చాలామంది మన తెలుగువాళ్ళే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్ళను కోరంగీలు అనేవారు. 1964 ప్రాంతంలో బర్మా నుంచి వేలమంది తిరిగొచ్చేశారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు పేరు ఆ రోజులనే గుర్తు చేస్తుంది.

బోటాటౌంగ్‌లోనే కాదు, బర్మాలో ఎక్కడ చూసినా ఆడవాళ్ళు, పిల్లలు బుగ్గలకు లేత పసుపు రంగు పూత పూసుకుని కనిపిస్తారు. దాన్ని తనఖా అంటారు. మన తాకట్టు తనఖా కాదు లెండి! బెరడుతో ఉన్న కర్ర ముక్కను రాతి సాన మీద నాలుగు చుక్కల నీళ్ళు పోసి అరగదీస్తారు, మనం గంధం తీసినట్టే. పరిశోధకులు ఈ బెరడులో మార్మెసిన్ అనే పదార్థాన్ని గుర్తించారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అది పీల్చుకుంటుంది.

ఈ తనఖా చెట్టు మనకు పరాయిది కాదు. శాస్త్రీయ నామం నరింగి క్రెనులాటా. మన ఎండు అడవుల్లో పెరిగే తొర్రెలగ, కుక్కవెలగ అంటే ఇదే. కొమ్మలకు ముళ్ళు, ఆకు కాడకు రెండు పక్కలా రెక్కలు, బఠాణీ గింజంత కాయలు దీని గుర్తులు. అయితే బర్మాలో మామూలు వెలగ కర్రను కూడా తనఖా పేరుతోనే వాడతారు. చూశారా, ఒకే చెట్టుకు రెండు పేర్లు, ఒకే పేరుకు రెండు చెట్లు! ఒంటికి పూసుకునేదాని సంగతి ఇలా ఉంటే, కడుపులోకి తీసుకునేదాని విషయంలో ఇంకెంత జాగ్రత్త కావాలి?

ఇక మన ఇళ్ళకు వచ్చే నాలుగు బెరళ్ళ సంగతి చూద్దాం.

అశోక. మన ఊళ్ళలో గేట్ల పక్కన నిటారుగా, ఆకులు కిందికి వేలాడుతూ పెరిగే చెట్టును అందరూ అశోక అంటారు. అది అశోక కాదు, నరమామిడి. వైద్యంలో చెప్పిన అశోకకు నారింజ, ఎరుపు రంగుల పూలు గుత్తులుగా పూస్తాయి. ఒకే కాడకు అటూ ఇటూ జతలుగా ఆకులుంటాయి. అసలు అశోక అడవుల్లో తగ్గిపోయింది. అందుకే బజారులో దాని పేరుతో నరమామిడి బెరడు కలుస్తూ ఉంటుంది.

మద్ది. తెల్లమద్దినే ఏరుమద్ది అని కూడా అంటారు, వాగుల పక్కన పెరుగుతుంది కాబట్టి. సంస్కృతంలో అర్జున. దీని బెరడు పైకి నున్నగా, బూడిద రంగులో ఉండి పలుచని పొరలుగా ఊడుతుంది. లోపలి వైపు ఎర్రగా ఉంటుంది. నల్లమద్ది బెరడు ముదురు రంగులో, మొసలి తోలులాగా గళ్ళు గళ్ళుగా పగిలి ఉంటుంది. బర్మాలో దాన్ని తౌక్యాన్ అంటారు. పెద్ద ముక్క చేతికొస్తే ఈ రెంటినీ తేలిగ్గానే పోల్చుకోవచ్చు.

కొడిసెపాల. విరేచనాలకు పేరున్న మందు. దీని బెరడు చాలా చేదు. దీనికి బదులుగా వచ్చేది అంకుడు బెరడు, ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర చెట్టుదే. దానికి ఆ చేదు ఉండదు. రెంటికీ తెల్లపూలే, రెంటికీ కాయలు జంటలే. కాకపోతే అంకుడు కాయల జంట చివర్లు అతుక్కుని ఉంటాయి, కొడిసెపాల కాయలు విడివిడిగా వేలాడతాయి. ఒకప్పుడు కొడిసెపాల బెరడు కొనెస్సి అనే పేరుతో ఐరోపా దాకా వెళ్ళింది. అంకుడు బెరడు కలిసిపోవడంతో, ఈ మందు పనిచేయదని అక్కడ పేరు పోగొట్టుకుంది. తప్పు బెరడు రోగికే కాదు, మంచి మందుకు కూడా చేటు చేస్తుందన్నమాట.

దాల్చిన చెక్క. సింహళం నుంచి వచ్చేది పలుచని పొరలు ఒకదానిలో ఒకటి చుట్టుకుని, చుట్టలాగా ఉంటుంది, చేత్తోనే విరుగుతుంది. చవకగా దొరికే కాసియా ఒకే మందపు పొరగా, గట్టిగా ఉంటుంది. కాసియాలో కూమరిన్ ఎక్కువ, మోతాదు మించితే కొందరికి కాలేయం దెబ్బతింటుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ రోజుకు కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము వరకే మంచిదంది. కూరలో వేసే ముక్కతో భయం లేదు. షుగరు తగ్గుతుందని రోజూ చెంచాలకొద్దీ పొడి తినేవాళ్ళు ఆలోచించుకోవాలి.

గమనించండి, ఈ గుర్తులన్నీ ముక్కలకే. పొడి కొట్టాక రంగు, పొర, విరుపు అన్నీ పోతాయి. అప్పుడు ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద చూడాలి, రసాయన పరీక్షలు చెయ్యాలి. పైగా చెట్టు సరైనదే అయినా పొడిలో ఇంకేం కలిసిందో కంటికి తెలియదు. 2009లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో బర్మా నుంచి వచ్చిన శరణార్థుల పిల్లలకు రక్తపరీక్షలు చేస్తే కొందరిలో సీసం ఎక్కువగా కనిపించింది. రోజూ తనఖా పూసుకోవడానికీ దానికీ సంబంధం ఉన్నట్టు తేలింది. పిల్లలకు అరుగుదల కోసం పట్టే డా త్వే అనే నాటుమందులోనైతే సీసం చాలా ఎక్కువగా ఉంది. ఆ తల్లులు కూడా మనలాగే, అమ్మమ్మల నాటి మందు కదా అని నమ్మినవాళ్ళే.

అందుకని నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. పొడి వద్దు, ముక్కలే పంపమనండి. కోసినవాళ్ళు ఎవరో తెలిస్తే ఆ చెట్టు ఆకు, పువ్వు, కాయ ఫొటోలు కూడా అడగండి. పొట్లం మీద వాడుక పేరుతో పాటు శాస్త్రీయ నామం రాయించండి. పోల్చుకోలేని బెరడును నాలుక మీద వేసి పరీక్షించకండి, పిల్లలకు, గర్భిణులకు అసలే ఇవ్వకండి. గుండెకు, షుగరుకు, రక్తం పలచబడడానికి మందులు వేసుకుంటున్నవాళ్ళు, ఈ కషాయాల సంగతి డాక్టరు దగ్గర దాచకండి. నవ్వుతారేమో అని మొహమాటపడి చెప్పకపోతే నష్టం మనకే.

ఈసారి ఊరెళ్ళినప్పుడు తెలిసిన పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని పిల్లలకు తెల్లమద్దిని, నల్లమద్దిని పక్కపక్కన చూపించండి. బెరడు మీద చెయ్యి వేసి చూడమనండి. ఒక్కసారి తాకి చూస్తే ఆ తేడా మరి మరిచిపోరు.